కాశీలో చికెన్ వదిలేసిన ఆయన, బండి దగ్గర పకోడీ తింటున్న ఆయన: ఒక కేస్ స్టడీ

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఊరి పేరు ఉండదు, మనుషుల పేర్లు ఉండవు, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, ఇంట్లోవాళ్లని అడిగే రాస్తున్నా. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, ఒక న్యూరాలజిస్ట్ గారితో కలిసి పనిచేస్తా, ఆయన పంపిన పేషెంట్లకి టెస్టులు చెయ్యడం, తర్వాత ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడటం నా పని. ఈ కేసు ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అనే మెదడు జబ్బుది, జ్ఞాపకం కంటే ముందు స్వభావాన్ని మార్చేసే రకం. ఈ ఇంటివాళ్లు మందుల గురించి పెద్దగా అడగలేదు. వాళ్ల ప్రశ్న ఒకటే, ఈయన మా ఆయనేనా, కాకపోతే ఇప్పుడు మేం ఎవరి మాట వినాలి?

పేషెంట్‌కి మా దగ్గరికి వచ్చేనాటికి 57 ఏళ్లు. గోదావరి జిల్లాల్లో ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. చుట్టుపక్కల ఊళ్ల రైతులకి పంట మీద అప్పు ఇచ్చి, పంట చేతికొచ్చాక వసూలు చేసుకునే పాతకాలం షావుకారు, కానీ ఒక్కరి దగ్గర కూడా గొంతు పెంచిన మనిషి కాదట. భార్య, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు, డిగ్రీ అయ్యి కొట్లో కూర్చునే కొడుకు, పక్క వీధిలో తమ్ముడి కుటుంబం. 2009లో అమ్మ పోతే అస్థికలు కాశీ తీసుకెళ్లి గంగలో కలిపి, కాశీకెళ్తే ఇష్టమైంది ఏదో ఒకటి వదిలెయ్యాలి కదా, చికెన్ వదిలేసి వచ్చారు. అంతకుముందు చికెన్ లేనిదే ఆదివారం గడవని మనిషి, ఆ తర్వాత పెళ్లిళ్లలో కూడా పక్క బంతిలో కూర్చుని పప్పన్నం తిని వచ్చేసేవాళ్లు.

ఆ మనిషి ఇప్పుడు సాయంత్రం ఆరయ్యేసరికి సెంటర్‌లో చికెన్ పకోడీ బండి దగ్గర నిలబడి, వేడి వేడిది నోరు కాలుతున్నా ఆగకుండా తింటున్నారు, డబ్బులివ్వకుండా వచ్చేస్తున్నారు. దేవుడి గదిలో నైవేద్యానికి పెట్టిన బెల్లం అచ్చు జేబులో వేసుకుంటున్నారు. తమ్ముడి మామగారి పెద్దకర్మలో, భోజనాల దగ్గర అందరి ముందూ, ఈయన పోవడం మంచిదే అయ్యింది, నీకు ఆ రెండెకరాలూ వస్తాయి అని తమ్ముడితో నవ్వుతూ అన్నారు. ఇవన్నీ చెప్తూ భార్య ఏడవలేదు, ఆవిడ ఏడుపు ఎప్పుడో అయిపోయింది, చాలా పొడిగా చెప్పారు.

హిస్టరీ

ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం ఇదంతా 2021లో కరోనా సెకండ్ వేవ్ అప్పుడు జ్వరం వచ్చి తగ్గాక మొదలైంది. ముందు జాతకం చూపిస్తే ఏలినాటి శని అన్నారు, శనివారాలు నూనె దీపాలు అయ్యాయి. తర్వాత ఒక సైకియాట్రిస్ట్ దగ్గర మేనియా (మితిమీరిన హుషారు, అదుపు తప్పిన ప్రవర్తన) అనుమానంతో కొన్ని నెలలు మందులు వాడారు, నిద్ర పెరిగింది, ప్రవర్తన మారలేదు. ఆ డాక్టర్‌ని తప్పుపట్టడానికేం లేదు, ఈ జబ్బుని మొదట్లో బైపోలార్ అనో డిప్రెషన్ అనో అనుకోవడం అన్ని దేశాల్లోనూ జరిగేదే. 2023 ఫిబ్రవరిలో హాలీవుడ్ యాక్టర్ బ్రూస్ విల్లిస్‌కి ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అని ఆయన కుటుంబం ప్రకటించింది కదా, కూతురు ఆ వార్త చదివి, లక్షణాలు వెతికి, నాన్నని కారెక్కించి న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకొచ్చింది.

నేను వాళ్లని అడిగిన మొదటి వస్తువు కొట్లో ఖాతా పుస్తకాలు. పాతవన్నీ దాచడం ఆయన అలవాటు కాబట్టి కొడుకు గోనె సంచిలో వేసుకుని తెచ్చాడు. 2016 పుస్తకం తీస్తే రైతు పేరు, ఊరు, ఎన్ని ఎకరాలు, పొలం ఏ కాలవ కింద, ఎన్ని బస్తాల డీఏపీ, ఎంత బాకీ, అన్నీ ఉన్నాయి, వాటి పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న చిన్న మాటలు. "కూతురి పెళ్లి, సంక్రాంతి దాకా అడగొద్దు." "భార్యకి ఆపరేషన్, వడ్డీ వెయ్యకు." "మాట నిలబెట్టుకునే మనిషి." ఇలా పేజీ పేజీకీ. 2019 రెండో పంట దగ్గరకొచ్చేసరికి ఆ మార్జిన్ ఖాళీ. లెక్కలు మాత్రం పైసాతో సహా సరిగ్గానే ఉన్నాయి, వడ్డీలు, కూడికలు ఏమీ తప్పలేదు, కానీ రైతు ఇంట్లో ఏం జరుగుతోందన్నది పుస్తకంలోంచి మాయమైంది. 2021కి వచ్చేసరికి ఒకే పద్దు రెండుసార్లు, మూడుసార్లు, కొన్ని బాకీలు కారణం లేకుండా కొట్టేసి ఉన్నాయి, కొన్నిటికి వడ్డీ రెట్టింపు.

అంటే జబ్బు కరోనాకంటే ముందే వచ్చింది. అది మొదట తినేసింది జ్ఞాపకాన్ని కాదు, ఎదుటివాడి కష్టం తన లెక్కలోకి వచ్చే ఆ గుణాన్ని. అది ఇంట్లో ఎవరూ గమనించలేదు, గమనించడం కష్టం కూడా, ఎందుకంటే మనిషి కొట్టుకెళ్తున్నాడు, లెక్క చూస్తున్నాడు, టైముకి భోజనానికొస్తున్నాడు.

టెస్టుల్లో కనిపించింది

జ్ఞాపకం, భాష, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే అడెన్‌బ్రూక్స్ టెస్ట్ తెలుగులో ఉంది, అది చేశాం. తేదీ, వారం, ఊరు అన్నీ కరెక్ట్. చెప్పిన పేరూ అడ్రసూ కాసేపాగి అడిగితే దాదాపు మొత్తం చెప్పారు. గడియారం బొమ్మ చక్కగా వేశారు. ఇక్కడే కొడుకు, జ్ఞాపకం ఇంత బాగుంటే ఇది మతిమరుపు జబ్బు ఎలా అవుతుంది సార్ అని అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. డిమెన్షియా అంటే మనకి అల్జీమర్సే గుర్తొస్తుంది, అది సాధారణంగా జ్ఞాపకాలతో మొదలవుతుంది, ఈ ఫ్రాంటోటెంపోరల్ రకం మెదడు ముందు భాగం, కణతల దగ్గర భాగం కుంచించుకుపోవడంతో మొదలవుతుంది, చాలామందికి 45 నుంచి 65 ఏళ్ల మధ్యలోనే వస్తుంది.

తేడా వేరే చోట తెలిసింది. ఒక అక్షరం చెప్పి దాంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని వస్తే అన్ని చెప్పమంటే ఐదు చెప్పి, అవే మళ్లీ చెప్పి, ఇంక చాల్లే అని లేచారు. నేను ఒకసారి కొడితే మీరు కొట్టండి, రెండుసార్లు కొడితే ఆగండి అంటే ప్రతిసారీ కొట్టేస్తున్నారు. కోపంగా ఉన్న మొహం ఫొటో చూపిస్తే "మామూలుగానే ఉన్నాడండి" అన్నారు. సామెతకి అర్థం అడగడం మా అలవాటు, ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, అంటే ఏంటి మీ ఉద్దేశంలో అన్నాను. "ముందు ఇంట్లో పేకాటలో గెలవాలండి, అప్పుడు బయటికెళ్లి ఆడాలి" అన్నారు, సీరియస్‌గానే, తర్వాత నా టేబుల్ మీద నా టీ తీసుకుని తాగేశారు.

ఎంఆర్‌ఐలో కుడి వైపు ముందు భాగం, కణతల దగ్గరుండే టెంపోరల్ లోబ్ ముందు కొస బాగా తగ్గి ఉన్నాయి. థైరాయిడ్, బీ12, సిఫిలిస్ టెస్ట్ లాంటివన్నీ చూశారు, నార్మల్. 2011లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న క్రైటీరియా ప్రకారం ఆరు లక్షణాల గుంపుల్లో, అంటే అదుపు తప్పడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, సానుభూతి పోవడం, చేసిందే చెయ్యడం, తిండి అలవాట్లు మారడం ముఖ్యంగా తీపి మీద యావ, ప్లానింగ్ దెబ్బతిని జ్ఞాపకం మాత్రం నిలబడటం, వీటిలో మూడు ఉంటే ఈ జబ్బని అనుమానిస్తాం. ఈయనకి ఐదున్నాయి, స్కాన్ కూడా అదే చెప్తోంది.

ఇంకొక్కటి చేశా, ఈ కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. స్వభావం గురించి ఒక ప్రశ్నావళి ఉంటుంది, ఎదుటివాళ్ల బాధ పట్టించుకుంటారా, డబ్బు విషయంలో ఎలా ఉంటారు, తొందరపడతారా, ఇలాంటివి. భార్యకి రెండు కాపీలిచ్చాను, ఒకటి ఇప్పటి మనిషి గురించి, ఇంకోటి పదేళ్ల క్రితం మనిషి గురించి. ఆయనకి ఒకటిచ్చాను, మీ గురించి మీరు నింపండని. మూడూ పక్కపక్కన పెడితే ఆయన నింపింది, భార్య పదేళ్ల క్రితం మనిషి గురించి నింపినదాంతో దాదాపు కలిసిపోయింది. "నేను ఎవర్నీ నొప్పించను", అవును. "ఇతరుల సొమ్ము ముట్టను", అవును. అబద్ధం ఆడుతున్నారని కాదు, ఈ జబ్బున్నవాళ్లలో ఇలా కనిపించడం పరిశోధనల్లో కూడా ఉంది, తన గురించి తనకున్న బొమ్మ అప్డేట్ అవ్వడం ఆగిపోతుంది. పాత షావుకారు గారు పోయారని ఇల్లంతా అంటోంది, ఆయన దృష్టిలో మాత్రం ఆయన ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నారు.

ఇంట్లో మూడు వాదనలు

తమ్ముడిది ఒక వాదన. "అన్నయ్య అసలు రంగు ఇప్పుడు బయటపడిందండీ, ఇన్నాళ్లూ పెద్దమనిషిలా నటించాడు, లోపల ఇదే ఉంది, జబ్బు వచ్చి ముసుగు తీసేసింది అంతే." పెద్దకర్మ దగ్గర జరిగింది ఆయన మర్చిపోలేకపోతున్నారు, పైగా మాట అన్నది వాళ్ల మామగారి మీద. భార్యది ఇంకో వాదన, ఈయన మా ఆయన కాదు. "పుస్తెలు మెడలో ఉన్నాయి, కట్టినాయన లేరండీ" అన్నారు ఒకసారి. కూతురిది మూడోది, ఆయన నాన్నే, కాలు విరిగితే నాన్న కాకుండా పోతాడా, మెదడు కూడా అంతే.

కూతురి వాదన వినడానికి బాగుంటుంది, డాక్టర్లకి కూడా అదే సుఖం. కానీ కాలూ మెదడూ ఒకటి కాదని ఆ అమ్మాయికీ తెలుసు, నాన్నకి ఫోన్ చెయ్యడం ఎందుకు తగ్గించావమ్మా అంటే జవాబు లేదు.

2015లో నినా స్ట్రోమింజర్, షాన్ నికల్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇలాంటి పేషెంట్ల కుటుంబాలవాళ్లని 248 మందిని ఇదే అడిగారు, మీ మనిషి ఇప్పటికీ ఆ మనిషేనా అని. అల్జీమర్స్ ఉన్నవాళ్లు, ఫ్రాంటోటెంపోరల్ ఉన్నవాళ్లు, శరీరం చచ్చుబడినా మనసు చాలావరకు మామూలుగా ఉండే ఏఎల్ఎస్ ఉన్నవాళ్లు, మూడు రకాల కుటుంబాలు. మనిషే మారిపోయాడని ఎక్కువగా అన్నది ఫ్రాంటోటెంపోరల్ వాళ్ల ఇళ్లలో, అలా అనిపించడానికి ముఖ్య కారణం నీతి, దయ, నిజాయితీ లాంటి గుణాలు మారడం, జ్ఞాపకం పోవడం దాదాపు లెక్కలోకే రాలేదు. జ్ఞాపకాలే మనిషి గుర్తింపు అని జాన్ లాక్ పదిహేడో శతాబ్దంలో వాదించాడు, చదువుకునేటప్పుడు నాక్కూడా అదే సబబనిపించింది, కానీ ఈ ఇంట్లో షావుకారు గారికి 1998లో ఎవరు ఎంత బాకీ ఉన్నారో కూడా గుర్తుంది, ఆ జ్ఞాపకం ఆయన్ని ఆయనగా నిలబెట్టలేకపోయింది. కాబట్టి భార్య మాటని, ఏదో బాధలో అంటున్నారులే అని నేను కొట్టిపారెయ్యలేదు.

తమ్ముడితో మాత్రం గట్టిగానే వాదించాను. మనసులోకి వచ్చిన ప్రతిదీ అసలు, ఆపుకున్నదంతా నటన అంటే ఎలా అండీ, మీకూ నాకూ కర్మ భోజనాల దగ్గర ఆస్తి ఆలోచన రాదా, వస్తుంది, నోరు మూసుకుంటాం, ఎదుటివాళ్ల మొహం చూసి. ఆ నోరు మూసుకోవడం కూడా మనమే. మీ అన్నయ్య ముప్పై ఏళ్లు రోజూ అలా ఎదుటివాళ్ల మొహం చూసి బతికిన మనిషి, ఆ చూపు ఉండే చోటే ఇప్పుడు స్కాన్‌లో ఖాళీగా ఉంది అని ఫిల్మ్ చూపించాను. ఆయన ఒప్పుకోలేదు. ఖాతా పుస్తకాలు చూపించాను, మార్జిన్‌లో పెన్సిల్ రాతలు ఎవరికీ చూపించడానికి రాసినవి కాదు, నటించేవాడు అక్కడ ఎవరి కోసం నటిస్తాడు? అప్పుడు మాట్లాడలేదు, 2016 పుస్తకం తను తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

ఏం చేశాం

ఈ జబ్బుని ఆపే మందు ఇప్పటికి లేదు. అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ లాంటివి ఇక్కడ పనిచెయ్యవు, కొందరిలో చిరాకు పెంచుతాయి, అవి అనవసరం అని న్యూరాలజిస్ట్ మొదటే తీసేశారు. డిప్రెషన్‌కి వాడే సెర్ట్రలీన్ అనే మందు మొదలుపెట్టారు, తీపి యావ, చేసిందే చెయ్యడం కొంత తగ్గాయి. మిగతాదంతా ఇంటి ఏర్పాట్లే.

ఎవరి మాట వినాలి అన్న దగ్గరకొస్తే, పుస్తకాల్లో రెండు పక్షాలున్నాయి. అమెరికన్ న్యాయ తత్వవేత్త రోనాల్డ్ డ్వార్కిన్, మనిషి తెలివిలో ఉన్నప్పుడు తన జీవితం ఎలా ఉండాలనుకున్నాడో అదే చెల్లాలి అంటాడు. రెబెక్కా డ్రెసర్ అనే లా ప్రొఫెసర్, ఇప్పుడు మన ముందున్న మనిషికి ఏది సుఖం, ఏది కష్టం అన్నదే చూడాలి అంటుంది. నా అనుభవంలో ఏదో ఒక పక్షం పట్టుకుంటే ఇల్లు నడవదు. ఒక్కో విషయం విడిగా తేల్చుకోవాలి, నేను వాళ్లకి చెప్పింది కూడా ఇదే: అనుభవించి అక్కడితో అయిపోయేవి, తిండి, నడక, టీవీ, బట్టలు, వీటిల్లో ఇప్పటి మనిషి మాట. ఆయన తర్వాత కూడా మిగిలేవి, పొలం, సంతకం, అప్పులు, పిల్లల పెళ్లి, వీటిల్లో పాత మనిషి మాట.

పొలం సంగతి నిజంగానే మెడ మీదికొచ్చింది. మేం చూసేసరికే రోడ్డు పక్క నలభై సెంట్లు మార్కెట్ రేటులో సగానికి అగ్రిమెంట్ రాసేసి అడ్వాన్స్ తీసుకున్నారు. కొడుకు వెంటనే పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుందామని తయారయ్యాడు, చాలా ఇళ్లలో చేసేది ఇదే, కానీ మన చట్టంలో మనిషికి మతి స్థిమితం పోతే ఆ పవర్ కూడా పోతుంది, స్థిమితం లేనప్పుడు రాయించుకుంటే అసలు పుట్టనే పుట్టదు. 1872 కాంట్రాక్ట్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, చేస్తున్న ఒప్పందం అర్థం చేసుకుని తన మంచిచెడ్డ బేరీజు వేసుకోగలిగితేనే అది చెల్లుతుంది. లాయర్ గారు ఆ సెక్షన్, మా రిపోర్టులు పట్టుకుని పెద్దమనుషుల దగ్గర కూర్చుని, అడ్వాన్స్ తిరిగిచ్చి అగ్రిమెంట్ రద్దు చేయించారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 14వ సెక్షన్ కింద పరిమిత సంరక్షకుడిని పెట్టే దారి ఒకటుంది, దానికి అప్లికేషన్ పెట్టమన్నాం. ఫోన్‌లో యూపీఐ తీసేశారు, ఆయన నడిపే బండి అమ్మేశారు.

పకోడీ బండికి తేలికగానే పరిష్కారం దొరికింది. బండి అతను, టీ కొట్టు అతను, కిరాణా వాళ్లు, ముగ్గురి దగ్గరా కొడుకు వెళ్లి జబ్బు సంగతి చెప్పి, నాన్న తిన్నది రాసుకోండి, ఒకటో తారీఖు నేనిస్తా అన్నాడు. ఊరంతటికీ ఖాతా రాసిన మనిషికి ఇప్పుడు ఊళ్లో మూడు చోట్ల ఖాతా ఉంది. బండి అతనైతే ప్లేట్ చల్లారాకే చేతికిస్తానని తనే అన్నాడట, ఎందుకంటే వాళ్ల నాన్న బాకీ కూడా ఒకప్పుడు ఈ కొట్లో మార్జిన్ ఎక్కిందే.

కానీ అసలు ముడి అక్కడ కాదు, కాశీ దగ్గర పడింది. చికెన్ మాన్పించమని అడగడానికి భార్య నా దగ్గరికి విడిగా వచ్చారు. తిండి సంగతిలో ఇప్పటి మనిషి మాట అని చెప్పాను కదమ్మా అంటే, "వదిలింది ఆయన, తింటున్నది ఆయన కాదు, మరి వ్రతం చెడిన పాపం ఎవరికండీ?" అన్నారు. దీనికి నా చదువులో సమాధానం లేదు, ఉన్నట్టు నటించలేదు కూడా. ఆవిడ వాళ్ల ఊరి పంతులు గారిని అడిగారు, తెలిసి చేస్తేనే దోషం అని ఆయన అన్నారు, అదీ ఆవిడకి ఆనలేదు. చివరికి ఆవిడే ఒకటి తేల్చుకున్నారు: ఆయన వదిలింది నేను వదుల్తా. ఆ నెల నుంచి చికెన్ మానేశారు, ఆయన్ని బండి దగ్గరికి పంపిస్తున్నారు. తర్కానికి నిలబడుతుందా అంటే నాకు తెలీదు, మాట నిలబడింది, మనిషి కూడా ఆకలితో గొడవ చెయ్యట్లేదు, ఆవిడ రాత్రిళ్లు నిద్రపోతున్నారు. మనిషి ఎదురుగా ఉండగానే పోగొట్టుకోవడాన్ని పౌలీన్ బాస్ అనే ఫ్యామిలీ థెరపిస్ట్ అస్పష్టమైన నష్టం అన్నారు, దానికి దినాలుండవు, పరామర్శలుండవు. ఈవిడ తనకి కావాల్సిన కర్మకాండ తనే తయారు చేసుకున్నారని నేను అనుకుంటున్నా.

ఇక రోజువారీ రొటీన్. సైకాలజీ పుస్తకాల్లో ఫినియాస్ గేజ్ కథ అందరూ చదివేదే, 1848లో అమెరికాలో రైలు పట్టాల పనిలో ఇనుప గడ్డపార తలలోంచి దూసుకుపోయింది, బతికాడు, స్నేహితులు మాత్రం అతను ఇంక గేజ్ కాదన్నారు. కథ అక్కడితో ఆపేస్తారు, కానీ అతను తర్వాత చిలీ వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలాడు, రోజూ అవే పనులు అదే వరుసలో ఉండే ఉద్యోగం. మన షావుకారు గారికి కూడా అలాంటిదే వెతికాం. గొడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టి బోర్డు మీద రాయడం, పొద్దున్నోసారి, సాయంత్రమోసారి. లెక్క ఇప్పటికీ తప్పదు. గల్లాపెట్టె తాళం మాత్రం కొడుకు దగ్గర.

ఇప్పుడు

మాటలు తగ్గుతున్నాయి. నమలకుండా మింగడం మొదలైంది కాబట్టి పకోడీ ముక్కలు చిన్నవి చేయించాం, చేతుల్లో బలం తగ్గుతోందేమో న్యూరాలజిస్ట్ ప్రతిసారీ చూస్తున్నారు, ఈ జబ్బుతో పాటు కొందరికి కండరాలని కదిలించే నరాలు దెబ్బతినే మోటార్ న్యూరాన్ జబ్బు కూడా వస్తుంది కాబట్టి. కూతురు, ఇది నాకూ వస్తుందా అని అడిగింది. కొన్ని కుటుంబాల్లో జన్యువుల ద్వారా వస్తుంది, పరీక్ష చేస్తే ముందు జబ్బున్న మనిషికి చెయ్యాలి, తర్వాతే పిల్లలకి, అది కూడా తెలుసుకోవాలనుకుంటేనే. ఆ అమ్మాయి ఇంకా ఏదీ తేల్చుకోలేదు, నేను తొందర పెట్టట్లేదు.

మాఘమాసంలో ఆ అమ్మాయి పెళ్లి. అల్లుడి కాళ్లు నేనే కడుగుతా అని ఆయన ఎప్పటినుంచో అనేవారట, ఇప్పుడాయన అరగంట ఒకచోట కూర్చోలేరు, పైగా మైకు కనిపిస్తే ఏమంటారో తెలీదు. ఇది పాత మనిషి మాట చెల్లాల్సిన విషయం, చెయ్యాల్సింది మాత్రం ఇప్పటి మనిషి. అందరం కూర్చుని అనుకున్నదేంటంటే, ముహూర్తం పొద్దున పెట్టించుకుంటున్నారు, పొద్దున ఆయన కాస్త నెమ్మదిగా ఉంటారు. కాళ్లు కడిగేటప్పుడు, ధార పోసేటప్పుడు ఆయనే పీటల మీద, పక్కన భార్య, ఆ వెంటనే లేపేసి మిగతా తంతుకి తమ్ముడూ మరదలూ కూర్చుంటారు. సంకల్పం కుదించమని పంతులు గారికి చెప్పారు, మండపం దగ్గర మైకు వద్దని వీడియో వాళ్లకి చెప్పారు. వెనకాల భుజం మీద చెయ్యేసి కూర్చునే పని తమ్ముడు తీసుకున్నారు, అదీ ఎవరూ అడక్కుండానే. 2016 పుస్తకం ఇంకా ఆయన దగ్గరే ఉంది.